ఆనపకాయని ఓడించిన టీషర్టు

మా రాఘవులు అంకుల్ గుడ్డని ఊరికే చూడరు. విచారణ చేస్తారు.

ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతారు. తర్వాత రెండు చేతుల్తో పట్టుకుని చెరుగ్గడ విరిచేవాడిలా బిగలాగుతారు. ఆఖర్న ట్యూబ్‌లైటుకి అడ్డంపెట్టి, ఒక కన్ను మూసి చూస్తారు. అవతలి వెలుతురు ఇవతలికి వచ్చిందంటే ఆ గుడ్డ పని అయిపోయినట్టే. "జల్లెడ" అని పక్కన పడేస్తారు. కొట్టువాడు ఎంత మొత్తుకున్నా అప్పీలు లేదు.

పూర్తి పేరు వీరరాఘవులు. ఊరు తణుకు దగ్గర. ఢిల్లీలో ఓ మంత్రిత్వ శాఖలో కొనుగోళ్ళ సెక్షన్. ప్యూన్ల యూనిఫాములు, డ్రైవర్ల చలికోట్లు, గెస్ట్‌హౌస్ దుప్పట్లు, మీటింగ్ హాల్ కర్టెన్లు, ఆ శాఖలో గుడ్డ అన్న ప్రతిదీ ఆయన వేళ్ళ మధ్య నలిగి రావాల్సిందే. మంత్రులు మారారు, ఆయన పాస్ చేసిన దుప్పట్లు మాత్రం మారలేదు. చిరిగితే కదా మార్చడానికి!

నేను ద్వారకలో వాళ్ళ సొసైటీలోనే టెర్రస్ మీద గదిలో ఉంటాను. సివిల్స్ రాయడానికి వచ్చాను. ఇంకా రాస్తూనే ఉన్నాను, ఆ సంగతి వదిలేయండి. పాలిటీ పుస్తకం చదవాల్సిన టైములో ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ కసరత్తులు నేర్చుకున్నాను. హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్ అని ఒకటుంది. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. వెనక కుక్క తరుముతున్నట్టు కాసేపు ఒళ్ళంతా ఎగరెయ్యాలి. విజిల్ ఊదగానే ఆగి ఊపిరి పీల్చుకోవాలి. మళ్ళీ విజిల్, మళ్ళీ కుక్క. హిట్ అంటారు ముద్దుగా. మా సొసైటీలో ఖాళీగా ఉండేది నేనొక్కణ్ణే కాబట్టి పొద్దున్నే పార్కులో విజిల్ ఊదే ఉద్యోగం నాకు పడింది.

ఢిల్లీలో తెలుగువాళ్ళం ఏటా ఓ ఆటల రోజు పెట్టుకుంటాం. ధౌలా కువాన్ దగ్గర ఓ కాలేజీ గ్రౌండులో కాలనీకో టీం. చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట అందరికీ విసుగెత్తి ఈసారి హిట్ పోటీ పెట్టారు. టీంకి నలుగురు, అందులో ఒకరు యాభై దాటినవాళ్ళు అయి తీరాలి. నాలుగు రౌండ్లు. ఎవరెన్ని సార్లు చేశారో లెక్క. ఒకటే కఠినమైన రూలు: విజిల్ పడకుండా ఎవరు ఆగినా టీం మొత్తం అవుట్.

మా కెప్టెన్ వైశాలి. గుర్గావ్ కంపెనీలో హెచ్ఆర్. జనాన్ని ఉద్యోగాల్లోంచి తీసేటప్పుడు చాలా మెత్తగా మాట్లాడాలట, అందుకని ఆమె గొంతు మెత్తబడితే మేమంతా జడుసుకుంటాం. రెండో మనిషి హారిక, రాఘవులు అంకుల్ కూతురు, కాలేజీ. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. మూడు నేను. నాలుగో మనిషిగా ధర్మయ్య గారు ఉంటారని అందరం అనుకున్నాం. పోస్టల్ డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యారు, కరీంనగర్ మనిషి, రోజూ పార్కు చుట్టూ ప్రదక్షిణలు. ఆయన నోరు తెరిచేలోగా వెనక వరసలోంచి ఓ చెయ్యి లేచింది.

రాఘవులు అంకుల్.

హారిక నోరు తెరిచింది. "పాపా! ఆప్?"

"ఏం? నాకు యాభై దాటలేదా?"

ఆ చెయ్యి ఎందుకు లేచిందో తర్వాత అన్నపూర్ణేశ్వరి ఆంటీ చెప్పారు, నాకు కాఫీ ఇస్తూ. "బళ్ళో ఆటల పీరియడొస్తే డ్రిల్లు మేష్టారు ఈయన్ని గోల్‌పోస్టు పక్కన నిలబెట్టి అందరి చొక్కాలూ ఈయన చేతికిచ్చేవారట. ఆఫీసులోనూ అంతే. కబడ్డీ టీం నిక్కర్లు, హాకీ టీం జెర్సీలు, అన్నీ ఈయనే కొనేవారు. ఈయన కొన్న నిక్కర్లు దేశమంతా ఆడొచ్చాయి గానీ ఈయన ఆడలేదు బాబూ. ఎవరూ రమ్మని పిలవలేదు. ఇప్పుడీ టీంలో పేరు పడ్డప్పట్నించీ నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తున్నారు. మధ్యలో తీసేశారంటే పైకేమీ అనరు. అదే నా భయం. నువ్వు కూడా నీ వెటకారాలు కాస్త తగ్గించు."

తగ్గిస్తానన్నాను. నిజంగానే అనుకున్నాను కూడా.

కానీ మర్నాడు ఆయన పార్కులోకి వచ్చిన అవతారం చూశాక దేవుడికైనా సాధ్యమా? ముదురు నీలం టీషర్టు. కాలరుంది. జేబుంది. గుడ్డ ఎంత మందం అంటే ఆయన వంగినా అది వంగలేదు. కింద మోకాళ్ళు దాటిన లాగు, దానికి అటు రెండు, ఇటు రెండు జేబులు. వాటిల్లో ఆఫీసు ఐడీ కార్డు, మెట్రో కార్డు, తాళాల గుత్తి, ఫోను, చేతిరుమాలు, పెన్ను.

"పెన్నెందుకంకుల్?"

"ఎక్కడ సంతకం అవసరం పడుతుందో ఎవడికి తెలుసురా?"

టీషర్టు అంచు నా చేతికిచ్చి నలపమన్నారు. నలిపాను. నా వేళ్ళే నలిగాయి. "చూశావా! లైటుకి పెట్టి చూసినా చుక్క వెలుతురు రాదు. డబుల్ కుట్టు. ఉతికితే కుంచించుకుపోతుందని ఓ సైజు పెద్దది తీసుకున్నా. నా మనవలు కూడా వేసుకోవచ్చు."

ధర్మయ్య గారు ప్రదక్షిణ ఆపి మరీ వచ్చారు. "ఏం రాఘవులన్నా, గిది టీషర్టా, గోనెసంచా? లోపల బియ్యం గిట్ల ఉన్నయా?"

"నీకేం తెలుసయ్యా నాణ్యత! నీ బనీను చూడు, దోమతెరలాగుంది."

"దోమతెరలకెళ్ళి గాలన్న వస్తది గదనే."

మొదటి రౌండు అంకుల్ బ్రహ్మాండంగా లాగారు. రెండో రౌండుకి టీషర్టు చెమట తాగడం మొదలెట్టింది. తాగింది తాగినట్టు దాచుకుంది. మూడో రౌండులో మనిషి పైకెగిరితే చొక్కా కిందే ఉంటోంది, మనిషి దిగేటప్పటికి చొక్కా లేస్తోంది. ఇక లాగు సంగతి చెప్పక్కర్లేదు. తాళాల గుత్తి ఒకవైపు, ఫోను ఒకవైపు, ఎగిరిన ప్రతిసారీ అది కాస్త కిందికి జారుతోంది. ఒక చేత్తో లాగు పట్టుకుని, రెండో చెయ్యి మాత్రమే పైకీ కిందికీ ఆడిస్తూ జంపింగ్ జాక్ గెంతులేశారు పాపం. సగం సీతాకోకచిలుక. ఇంకో నాలుగు గెంతులకి రెండో చెయ్యి కూడా లాగు దగ్గరికే వెళ్ళింది. ఆగిపోయారు. విజిల్ పడనే లేదు.

మూడు రోజులూ అదే కథ. మూడో రౌండు, లాగు, ఆగడం.

నాలుగో రోజు వైశాలి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. గొంతు మెత్తగా పెట్టింది.

"అంకుల్, ఏమీ అనుకోకండి. మీ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది. కానీ ఒక్కరు ఆగితే నలుగురం అవుట్. వచ్చే శనివారం ట్రయల్ పెడదాం. నాలుగు రౌండ్లూ ఆగకుండా చేస్తే మీరే. లేకపోతే ధర్మయ్య గారిని అడుగుతాను, సరేనా?"

"ఠీక్ హై అమ్మా, ఠీక్ హై" అన్నారు అంకుల్. పెన్ను తీసి, మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

ధర్మయ్య గారు కూడా వెటకారం ఆపి "నేనైతే ఉన్న బిడ్డా, గని రాఘవులన్న చేస్తే మంచిగుంటది" అన్నారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

అంకుల్ ఉక్కకి తట్టుకోలేక టీషర్టు విప్పి బనీనుతో కూర్చున్నారు. "ఆరేసుకొస్తానివ్వండి" అని నేను తీసుకున్నాను. ఆరేద్దామనే తీసుకున్నాను. గేటు దగ్గర కూరగాయల భయ్యా తరాజు కనిపించింది, నా తప్పు కాదు.

"భయ్యా, జరా తోల్‌నా" అన్నాను, కాస్త తూచమని.

"యే కౌన్‌సీ సబ్జీ హై?" ఇదేం కూరగాయని అడిగాడు.

"అంకల్‌జీ కీ సబ్జీ."

ఒక పళ్ళెంలో టీషర్టు పడేశాం. రెండో దాంట్లో భయ్యా తన బండి మీద అన్నింటికంటే పెద్ద ఆనపకాయ పెట్టాడు. ఆనపకాయ ఉయ్యాల ఎక్కినట్టు గాల్లోకి లేచింది. జనం పోగయ్యారు. పక్కన రెండు వంకాయలు వేశాం. ఊహూఁ. ఓ అల్లం ముక్క కూడా వేశాక కాస్త కదిలింది. పాలకూర కొనడానికొచ్చిన పంజాబీ ఆంటీ చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. చప్పట్లు కొట్టబోయి వెనక్కి తిరిగాను. అంకుల్ నిలబడున్నారు, బనీనుతో.

తిడతారనుకున్నాను. ఆయన నా వంకే చూళ్ళేదు. తరాజు ముల్లుని చూస్తున్నారు. ఆనపకాయ తీయించారు, మళ్ళీ పెట్టించారు. టీషర్టు గట్టిగా పిండించి మళ్ళీ తూయించారు. పిండినా ఆనపకాయ ఓడిపోయింది.

"ఒరేయ్ సాత్వికూ."

"సారీ అంకుల్."

"సారీ కాదురా. ఇన్నేళ్ళూ పొడి గుడ్డకే పరీక్షలు పెట్టాను. తడిసిన గుడ్డ ఎట్లా ఉంటుందో ఒక్కనాడూ చూళ్ళేదు."

"దుప్పట్లు ఎవరు తడుపుతారంకుల్?"

"గెస్ట్‌హౌస్‌కొచ్చే పెద్దవాళ్ళ మనవలు తడుపుతారు. ఆ ఫిర్యాదులు వేరే సెక్షన్‌కి వెళ్తాయి" అన్నారు సీరియస్‌గా. తర్వాత, "పద. ఇవాళే బజారుకెళ్దాం."

సాయంత్రం హారికా, నేనూ, ఆయనా మెట్రోలో జనక్‌పురి వెళ్ళాం. స్పోర్ట్స్ బట్టల కొట్టు. కొట్టులో అంతా అద్దాలు, పాటలు, తలల్లేని బొమ్మలు. అంకుల్ అలవాటు ప్రకారం మొదటి టీషర్టు లైటుకి అడ్డం పెట్టారు. అవతల సేల్స్ కుర్రాడి ముఖం స్పష్టంగా కనిపించింది.

"జల్లె..." అని ఆగి, నోరు మూసుకున్నారు. చాలా కష్టమైంది ఆయనకి.

నాకు మళ్ళీ దురద పుట్టింది. ఒంటికి అతుక్కుపోయే రకం టీషర్టు ఒకటి, ఆయన సైజుకి బాగా తక్కువది, తీసి ఇచ్చాను. "ఇది పెద్ద పెద్ద ఆటగాళ్ళు వేసుకునేదంకుల్. బిగుతుగా ఉంటేనే పనిచేస్తుంది."

ట్రయల్ రూములోకి వెళ్ళారు. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత గోడకి ఏదో గుద్దుకున్న శబ్దం.

"సాత్వికూ..."

"ఏంటంకుల్?"

"నా తల ఎటుందిరా?"

తలుపు తీసి చూస్తే రెండు చేతులూ పైకి, ముఖం టీషర్టులో, పొట్ట బయట. కొట్లో ఉన్న తలల్లేని బొమ్మల్లో ఇంకోటి చేరినట్టుంది. హారిక నేల మీద కూర్చుని నవ్వుతోంది. "పాపా, సాఁస్ లో! సాఁస్ లో!"

"ఊపిరి తర్వాత తీసుకుంటాలే, ముందు నన్ను బయటికి తియ్యండర్రా!"

నేనూ సేల్స్ కుర్రాడూ చెరో చెయ్యి పట్టుకుని లాగాం. బయటికొచ్చాక జుట్టు సర్దుకుని నన్ను ఓ చూపు చూశారు. "ఈ సరుకు నువ్వు సిఫార్సు చేశావు కదూ? ఇవాళ్టి నుంచీ నీ సిఫార్సులు చెల్లవు."

అప్పుడు మొదలైంది అసలు విచారణ. మూడు టీషర్టులు కౌంటరు మీద పరిచారు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, వేలు ముంచి, ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేశారు. సేల్స్ కుర్రాడు "అరే అరే" అంటున్నాడు. మొదటి గుడ్డ మీద చుక్క చేమాకు మీద నిలబడ్డట్టు గుండ్రంగా నిలబడింది. రెండో గుడ్డ చుక్కని మింగేసి నల్లటి మచ్చ పెట్టుకు కూర్చుంది. మూడో దాని మీద చుక్క పడగానే అటూ ఇటూ పాకి, పలచబడి, ఫ్యాను గాలికి మాయమైంది.

"ఇదీ! తాగి దాచుకోకూడదు. పంచి పంపించెయ్యాలి."

దాన్ని తిరగేసి చంక దగ్గర కుట్టు మీద వేలు నడిపించారు. నున్నగా ఉందా, గరుకుగా ఉందా అని. "చెయ్యి ఆడించేది ఇక్కడే కదరా, గరుకు కుట్టయితే తోలు లేచిపోతుంది." లాగుల దగ్గరికొచ్చి, నాడా లేనివాటిని ముట్టుకోలేదు. "ఒట్టి ఎలాస్టిక్‌ని నమ్మినవాడు బాగుపడ్డట్టు నేను చూళ్ళేదు." మోకాలి పైదాకా ఉండే తేలికపాటి లాగు, బిగించుకోడానికి నాడా, జిప్పున్న ఒకే ఒక్క చిన్న జేబు. ఆ జేబు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తన జేబుల్లో ఉన్నవన్నీ తీసి ఒక్కొక్కటీ హారిక చేతిలో పెట్టారు. ఆఖర్న పెన్ను మిగిలింది.

"పాపా, పెన్ భీ" అంది హారిక.

ఇచ్చేశారు.

అయినా అవలేదు. కొత్త బట్టల్లో బయటికొచ్చి కొట్టు మధ్యలో మోకాళ్ళు ఎత్తి పరుగు మొదలెట్టారు, ఉన్నచోటే. తర్వాత నేల మీదికి వాలి, కాళ్ళు వెనక్కి విసిరి, లేచి గెంతడం. అద్దాల్లో ఎటు చూసినా అంకులే. యజమాని కౌంటరు వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"అంకల్‌జీ, యే దుకాన్ హై, అఖాడా నహీఁ!" అని మొత్తుకున్నాడు, ఇది కొట్టు, కుస్తీల గోదా కాదని.

"ట్రయల్ కే బినా పాస్ నహీఁ హోగా" అన్నారు అంకుల్, గెంతుతూనే. ఆయన దగ్గర ట్రయల్ లేనిదే ఏదీ పాసవదు.

ఓ పెద్దావిడ నా దగ్గరికొచ్చి ఈ క్లాసు రోజూ ఇక్కడే జరుగుతుందా అని అడిగింది. అవునన్నాను. పాపం, ఎన్నాళ్ళు వచ్చిందో ఏమో.

శనివారం ట్రయల్. ధర్మయ్య గారు కూడా బూట్లు బిగించుకుని వచ్చారు, అవసరం పడితే ఉంటానని. మూడో రౌండు వచ్చింది. మేమందరం కసరత్తు చేస్తున్నామన్న మాటేగానీ కళ్ళన్నీ అంకుల్ నడుం మీదే. చెయ్యి కిందికి రాలేదు. టీషర్టు కూడా ఆయనతోపాటే లేచి, ఆయనతోపాటే దిగుతోంది. నాలుగో రౌండుకి ముఖం టమాటాపండు అయింది, నోట్లోంచి ప్రెషర్ కుక్కర్ శబ్దాలు వచ్చాయి, కానీ విజిల్ దాకా ఆగలేదు.

వైశాలి ఈసారి మెత్తగా మాట్లాడలేదు. "అంకుల్, రేపు పొద్దున్న ఏడింటికి మెట్రో దగ్గరుండాలి. లేటయితే చంపేస్తా!" అని అరిచింది. అంతకంటే తియ్యటి మాట ఆయన విన్నట్టు లేదు.

ధర్మయ్య గారు భుజం తట్టారు. "గిప్పుడు మనిషి లెక్క కొడ్తున్నవన్నా. నేను చప్పట్లు కొట్టనీకి వస్త."

ఆదివారం ఎండ పొద్దున్నే ఎక్కి కూర్చుంది. జనక్‌పురి టీంలో యాభై దాటినాయన భీమేశ్వరరావు గారు. పారామిలటరీలో చేసి రిటైరయ్యారు, మీసమే మా టీం మొత్తం కంటే దృఢంగా ఉంది. అంకుల్ ఆయన్ని ఎగాదిగా చూసి నా చెవిలో అన్నారు. "ఒరేయ్, ఈయన బట్టలేసుకోకుండా వచ్చినా గెలుస్తాడురా."

మొదటి రెండు రౌండ్లు సాఫీగా పోయాయి. మూడోది కూడా దాటేశాం, నడుం మీదికి చెయ్యి రాలేదు. నాలుగో రౌండు, నేల మీద చేతులానించి మోకాళ్ళు మార్చి మార్చి ముందుకు లాగే కసరత్తు. అప్పుడు జరిగింది, మాలో ఒక్కరికీ తట్టనిది. టీషర్టు చూశాం, లాగు చూశాం, బూట్లు చూశాం. కళ్ళద్దాలు ఎవరూ చూళ్ళేదు.

నుదుటి మీంచి చెమట జారి అద్దాలు ముక్కు చివరికి వచ్చాయి. చెయ్యి తీస్తే ఆగినట్టే. ముక్కు ఎగబీల్చారు, కనుబొమలు ఎగరేశారు, అవి ఇంకా జారాయి. గట్టున అన్నపూర్ణేశ్వరి ఆంటీ లేచి నిలబడ్డారు. "ఏవండీ, అద్దాలు!"

అంకుల్ ఒక్క క్షణం ఆలోచించారేమో, తెలీదు. తలకాయ విదిలించారు. అద్దాలు గాల్లో ఎగిరి పచ్చికలో పడ్డాయి. ఆయనకి అద్దాలు లేకపోతే మనిషికీ స్తంభానికీ తేడా తెలీదు. అయినా మోకాళ్ళు ఆగలేదు. కాకపోతే దిక్కు మారింది. చిన్నగా తిరుగుతూ తిరుగుతూ మా చాప వదిలేసి జనక్‌పురి వాళ్ళ చాప మీదికి పాకారు. భీమేశ్వరరావు గారి మీసానికి ఎదురుగా మీసం లేని మా అంకుల్, ముఖాముఖి, ఇద్దరూ రొప్పుతూ.

"నమస్కారమండీ" అన్నారట భీమేశ్వరరావు గారు.

"నమస్కారం. ఆగకండి" అన్నారట మా అంకుల్.

విజిల్ పడింది. అందరం ఆగి కూలబడ్డాం. అంకుల్ ఆగలేదు.

"అంకుల్, అయిపోయింది! విజిల్ పడింది!" అని అరిచాను.

"నువ్వు చెప్తే నమ్మే రోజులు పోయాయిరా!" అని ఇంకా జోరు పెంచారు.

వైశాలి చెప్పింది, వినలేదు. చివరికి ఆంటీ గ్రౌండులోకి వచ్చి భుజం మీద చెయ్యేసి, "ఏవండీ, చాలు. అయిపోయింది, నిజంగానే" అంటే, అప్పుడు ఆగి, అలాగే బోర్లా పడుకుని నవ్వడం మొదలెట్టారు.

జనక్‌పురి ఫస్టు, మేం సెకండు, నోయిడా థర్డు. విజిల్ తర్వాత అంకుల్ చేసినవి కూడా కలుపుకుంటే మేమే ఫస్టని హారిక జడ్జీతో హిందీలో పోట్లాట పెట్టుకుంది. అంకులే ఆపారు. "వదిలెయ్యమ్మా. ఆర్డర్‌కి మించి సరఫరా చేస్తే బిల్లు పాస్ అవదు."

తిరుగు మెట్రోలో ఆదివారం రద్దీ. అయినా మా చుట్టూ విచిత్రంగా చోటు ఏర్పడింది. ఒకాయన లేచి సీటిచ్చాడు. పక్కనున్నాయన కూడా లేచాడు. అటు పక్కావిడ కూడా. "చూశావా, ఆటగాళ్ళంటే జనానికి ఎంత గౌరవమో" అన్నారు అంకుల్, కాళ్ళు బారజాపి. ఆ రకం గుడ్డ చెమటనైతే పంపించేస్తుంది గానీ వాసన మాత్రం మొత్తం తనే ఉంచుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. చెప్పలేదు. ఎంత నాకైనా కొన్ని హద్దులుంటాయి.

ఇంటి దగ్గర ఆంటీకి ఆ హద్దులు లేవు. "ముందు ఆ చొక్కా విప్పండి. సోఫా మీద కూర్చున్నారంటే మర్యాద దక్కదు."

"కాసేపు ఉండనీవే."

"పాపా, ప్లీజ్, బాల్కనీ!" అంది హారిక ముక్కు మూసుకుని.

బాల్కనీకి పంపించారు. ఆంటీ తలుపు సందులోంచి పులిహోర పళ్ళెం అందించి, "తినండి, కానీ లోపలికి మాత్రం రాకండి" అని తలుపేశారు. మళ్ళీ తెరిచి ఇంకో గరిటె వేశారు.

మొదటి అంతస్తు కదా, కింద గేటు దగ్గర సాయంత్రం డ్యూటీ సెక్యూరిటీ గార్డు తలెత్తి చూశాడు. అంకుల్‌ని లాగూ టీషర్టుల్లో అతను ఎన్నడూ చూళ్ళేదు.

"సర్‌జీ, ఆజ్ మ్యాచ్ దేఖ్‌నే గయే థే క్యా?" మ్యాచ్ చూడ్డానికెళ్ళారా అని అడిగాడు.

అంకుల్ పులిహోర ముద్ద మింగి, లేచి, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు.

"దేఖ్‌నే నహీఁ, భయ్యా. ఖేల్‌నే గయా థా."

గార్డుకి వినబడింది. అయినా చాలదనిపించిందేమో, పై అంతస్తుల్లో ఉన్న తెలుగువాళ్ళందరి కోసం ఇంకోసారి, టెర్రస్ మీద నా గదిదాకా వినబడేలా అరిచారు.

"ఆడ్డానికెళ్ళా!"